ముఖం చూసి మనసు చదవొచ్చా? హనుమంతుడి దగ్గర నేర్చుకోవాల్సిన విద్య

 

సుందరకాండ సిరీస్‌లో మొన్నటి వీడియోలో ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోయాను. హనుమంతుడికి బలం, బుద్ధి, మాట నేర్పుతో పాటు ఇంకో విద్య కూడా ఉంది, ఎదుటివాళ్ళ ముఖం, కదలిక, గొంతు గమనించి లోపల ఏముందో పట్టుకోవడం అని. పన్నెండు నిమిషాల వీడియోలో దాని గురించి ఇంకా చెప్పే చోటు లేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందే ఒకటి చెప్పేస్తా. "చేతులు కట్టుకున్నాడంటే ఏదో దాస్తున్నాడు", "ముక్కు గోక్కున్నాడంటే అబద్ధమే" లాంటి షార్ట్స్ మనందరం చూశాం. ఈ పోస్టు చదివితే అలాంటి టిప్స్ వస్తాయనుకుంటే మాత్రం సారీ. మన పెద్దవాళ్ళు ఈ విద్యని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. సీరియస్‌గా తీసుకున్నారు కాబట్టే అది ఎక్కడిదాకా పని చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పారు.

మన భాషలోనే సగం పాఠం ఉంది

సైన్సు, శాస్త్రం పక్కన పెట్టి మన ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకసారి వినండి. మొహం చిన్నబోయింది. మొహం వెలిగిపోయింది. మొహం మాడ్చుకుంది. మూతి ముడిచింది. నొసలు చిట్లించాడు. గుడ్లురిమాడు. పళ్ళు కొరికాడు. నోరు వెళ్ళబెట్టాడు. ముక్కున వేలేసుకుంది. గుటకలు మింగాడు. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒళ్ళు గగుర్పొడిచింది. ఇక అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పలేక నోట్లోనే మాట తిప్పుకునేవాణ్ణి "నీళ్ళు నములుతున్నాడు" అంటాం. ఎంత కరెక్ట్ బొమ్మో చూడండి, దవడ కదులుతుంది కానీ బయటికేమీ రాదు.

వీటిలో నాకు ఎక్కువ నచ్చేది "చిన్నబోయింది". కోపం అని గానీ ఏడుపు అని గానీ అనట్లేదు. నిన్న ఎంత ఉందో ఈరోజు అంత లేదు అంటోంది, అంతే. అంటే నిన్నటి మొహం తెలిసినవాళ్ళు మాత్రమే అనగలిగే మాట అది. మా నాన్నమ్మ స్కూల్ నుంచి వచ్చిన నన్ను గుమ్మంలో చూసి "ఏంట్రా, మొహం వాడిపోయింది" అనేది. అదే నాన్నమ్మ పక్కింటికి వచ్చిన చుట్టాల గురించి ఎప్పుడూ అలా అనలేదు. తెలియని మొహం మీద ఆవిడ తీర్పు చెప్పేది కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఋష్యమూకం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చదివారు

కిష్కింధకాండ మొదట్లో సీన్ మీకు తెలిసిందే. కొండ మీద నుంచి సుగ్రీవుడు ఇద్దరు ధనుర్ధారుల్ని చూసి వణికిపోతాడు. వాలి పంపిన మనుషులేమో అని భయం. అప్పుడు హనుమంతుణ్ణి పంపుతూ ఏం చెప్పాడో వాల్మీకి రామాయణంలో చూడండి. "ఎవరో కనుక్కుని రా" అని ఊరుకోలేదు. వాళ్ళ చేష్టలు, రూపం, మాట తీరు గమనించి వాళ్ళ మనసులో ఏ భావం ఉందో తెలుసుకోమన్నాడు. అక్కడ వాడిన మాట "ఇంగితం". ఈరోజు "వాడికి ఇంగితం లేదు" అని తిట్టడానికి వాడుతున్నాం గానీ, అసలు అర్థం ఇదే: మనసులోది బయటపెట్టే చిన్న కదలిక, సైగ. అది పట్టుకోగలిగే తెలివి ఇంగితజ్ఞానం.

హనుమంతుడు వేషం మార్చుకుని వెళ్ళి మాట్లాడతాడు. రాముడు వెంటనే జవాబివ్వడు. పక్కనున్న లక్ష్మణుడికి చెప్తాడు: ఇతను వేదాలు, వ్యాకరణం బాగా చదువుకున్నవాడు, ఇంత మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు, ప్రవచనాల్లో కూడా వింటాం. ఆ తర్వాత మాట మీదే నా దృష్టి. ముఖంలో గానీ, కళ్ళలో గానీ, నుదుటి మీద గానీ, కనుబొమల్లో గానీ, మిగతా అంగాల్లో గానీ ఎక్కడా దోషం కనిపించలేదు అంటాడు రాముడు. గొంతు మరీ పైకి వెళ్ళలేదు, మరీ కిందికి దిగలేదు. మాట తొందరపడలేదు, సాగదీయలేదు, సందేహపడలేదు.

ముఖం, కళ్ళు, నుదురు, కనుబొమలు, గొంతు, వేగం. ఒకే ఒక్క గుర్తు పట్టుకుని తేల్చలేదు, అన్నీ కలిపి చూశాడు. అవన్నీ మాటతో పొత్తు కుదిరాయా లేదా అని చూశాడు. ఇంకో సంగతి, చదవడానికి వచ్చింది హనుమంతుడు, కానీ ఆ టైంలో ఆయన్నే చదివేస్తున్నారు. మనం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ఇది మర్చిపోతాం. అవతలివాళ్ళు మనల్ని చూస్తున్నారన్న కంగారులో, మనకీ వాళ్ళని చూసే అవకాశం ఉందని గుర్తుండదు.

భరతముని దీన్ని ఎలా విడగొట్టాడు

నాట్యశాస్త్రం అంటే డాన్స్ నేర్చుకునేవాళ్ళ పుస్తకం అనుకుని వదిలేస్తాం. ఇంజనీర్‌గా చెప్తున్నా, అంత పద్ధతిగా రాసిన స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ నేను ఆఫీసులో చాలా తక్కువ చూశాను. చూపులే 36 రకాలు: రసాలకి 8, స్థాయీభావాలకి 8, సంచారీ భావాలకి 20. తల కదలికలు 13. కనుబొమలకి 7. ముక్కుకి 6, బుగ్గలకి 6, కింది పెదవికి 6. ముఖం రంగు మారడానికి కూడా విడిగా నాలుగు స్థితులు ఇచ్చాడు. భావాల లెక్క మొత్తం 49. స్థాయీ 8, వ్యభిచారీ 33, సాత్త్వికం 8.

ఈ చివరి ఎనిమిదీ మన టాపిక్‌కి ప్రాణం. స్తంభం అంటే కొయ్యబారిపోవడం, స్వేదం అంటే చెమట, రోమాంచం, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం రంగు పోవడం, కన్నీళ్ళు, చివరిది ప్రళయం, అంటే స్పృహ తప్పడం. మనసు పూర్తిగా లగ్నమైతే గానీ రానివి ఇవి. కనుబొమ ఎగరేయడం ఎవరైనా చేస్తారు, అడగ్గానే రోమాంచం తెప్పించమంటే తెలుస్తుంది.

"అయితే ఈ ఎనిమిదీ నేర్చుకుంటే చాలు, మనిషి దొరికిపోయినట్టే" అనిపిస్తుంది కదా? భరతముని అక్కడే ఆపుతాడు. కన్నీళ్ళు ఎందుకు వస్తాయో ఆయన ఇచ్చిన లిస్టులో ఆనందం ఉంది, కోపం ఉంది, భయం, శోకం ఉన్నాయి. వాటి పక్కనే పొగ ఉంది, కాటుక ఉంది, ఆవులింత ఉంది, రెప్పవేయకుండా చూడటం ఉంది, చలి ఉంది, జబ్బు ఉంది! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ పొగ, కాటుక రాయడంలోనే అసలు తెలివి ఉంది. గుర్తు ఒకటే, కారణాలు పది. చెమటకీ అంతే. రోమాంచానికీ అంతే.

అందుకే నాట్యశాస్త్రంలో రసం పుట్టాలంటే మూడు కలవాలి. విభావం అంటే కారణం, సందర్భం. అనుభావం అంటే బయటికి కనిపించేది. వ్యభిచారీ భావాలు అంటే మధ్యలో వచ్చి పోయే చిన్న చిన్న భావాలు. కనిపించే అనుభావం ఒక్కదాన్ని పట్టుకుని రసం చెప్పేయలేం. ఈ రోజుల్లో "కాంటెక్స్ట్ ముఖ్యం బ్రో" అంటున్నాం, ఆయన దానికి విభావం అని పేరు పెట్టి మొదటి వరుసలో కూర్చోబెట్టాడు.

దీనికి ఉదాహరణ భగవద్గీతలోనే ఉంది. మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంట్లో ఏం జరుగుతోందో తనే చెప్తాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండుతోంది, ఒళ్ళు వణుకుతోంది, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, గాండీవం చేతిలోంచి జారుతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాను. చివరికి బాణం, విల్లు పక్కన పడేసి రథంలో కూలబడిపోతాడు. ఇప్పుడు పదకొండో అధ్యాయం తీయండి. విశ్వరూపం చూసిన అర్జునుడికి మళ్ళీ అదే రోమాంచం. కానీ ఈసారి ఆశ్చర్యంతో. తల వంచి చేతులు జోడిస్తాడు. కాసేపటికి అదే అధ్యాయంలో భయంతో వణికిపోతూ గొంతు తడబడుతూ మాట్లాడతాడు. మనిషి అదే, ఒళ్ళు అదే, వెంట్రుకలు అలాగే నిలబడ్డాయి. ఒకచోట విషాదం, ఒకచోట విస్మయం. క్లోజప్ ఫోటో ఒక్కటి తీసి చూపిస్తే ఏ అధ్యాయమో మనం చెప్పలేం. ఎదురుగా ఏముందో తెలిస్తేనే చెప్పగలం, ఒకచోట బంధువుల సైన్యం, ఇంకోచోట విశ్వరూపం.

అంత విషాదం చూసి కృష్ణుడు ఎలా ఉన్నాడు? నవ్వుతున్నట్టుగా మాట మొదలుపెట్టాడని గీత చెప్తుంది. ఆ "నవ్వుతున్నట్టుగా" ఏ రకం నవ్వు అన్నదాని మీద ఆచార్యులు ఎంతో చర్చించారు. అదొక పూర్తి వీడియో అవుతుంది, ఇక్కడ వద్దు.

సైన్సు ఎక్కడిదాకా వచ్చింది

ఇది కొంచెం క్లుప్తంగా. 1862లో డుషెన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు ముఖ కండరాలకి కరెంటు పెట్టి ఏ కండరం ఏ భావాన్ని చూపిస్తుందో పరిశీలించాడు. మనస్ఫూర్తిగా నవ్వితే పెదాల చివర్లతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుందని చెప్పింది ఆయనే. 1872లో డార్విన్ భావ ప్రకటన మీద ఒక పుస్తకమే రాశాడు. 1978లో పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసన్ ముఖంలో కదిలే ప్రతి చిన్న భాగానికీ నంబర్ ఇచ్చి ఒక కోడింగ్ పద్ధతి తయారుచేశారు. అందులో 12 అంటే పెదాల చివర్లు పైకి లాగడం, 6 అంటే బుగ్గలు పైకి లేవడం. రెండూ కలిస్తే డుషెన్ చెప్పిన నవ్వు. భరతముని కనుబొమలు లెక్కపెట్టిన పద్ధతికి దగ్గరగా అనిపించిందా? నాకూ అనిపించింది. కానీ "చూశారా, అంతా మనవాళ్ళే ముందే చెప్పేశారు" అనే లైన్ నేను తీసుకోను. భరతముని చెప్పింది నటుడు భావాన్ని ప్రేక్షకుడికి ఎలా చేరవేయాలో. వీళ్ళు వెతికింది మామూలు మనిషి ముఖంలో ఏం జరుగుతుందో. ప్రశ్నలు వేరు.

కోపం, అసహ్యం, భయం, సంతోషం, దుఃఖం, ఆశ్చర్యం, ఈ ఆరూ లోకంలో అందరి ముఖాల్లోనూ ఒకేలా కనిపిస్తాయని ఎక్‌మన్ వాదం. చాలా ఏళ్ళు అదే పాఠంగా నడిచింది. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ముఖ కవళిక ఒక్కటి చూసి లోపలి భావాన్ని నమ్మకంగా చెప్పలేమన్నారు. కోపం వచ్చినవాడు ప్రతిసారీ కనుబొమలు ముడవడు, ముడిచినవాడికి ప్రతిసారీ కోపం ఉండదు, లెక్క చూసుకుంటూ కూడా ముడుస్తాడు. కంటి కండరం సంగతి కూడా అంతే, దాన్ని కావాలని కదిలించగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారని తర్వాత తేలింది.

2012లో టెన్నిస్ ఆటగాళ్ళతో వచ్చిన ఒక అధ్యయనం నాకు బాగా ఇష్టం. పెద్ద పాయింట్ గెలిచిన క్షణం, ఓడిన క్షణం ఫోటోలు తీసుకున్నారు. ముఖం మాత్రమే చూపిస్తే గెలిచాడో ఓడాడో జనం చెప్పలేకపోయారు. ఒళ్ళు మాత్రమే చూపిస్తే చెప్పేశారు. భావం పతాక స్థాయికి వెళ్ళినప్పుడు ముఖం కంటే ఒళ్ళే ఎక్కువ చెప్పిందన్నమాట. మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఆ జడ పడిన తీరులోనే ఆవిడ గర్వం ఏ లెవెల్లో ఉందో చూసేవాళ్ళకి అర్థమైపోతుంది.

ఇక అబద్ధాలు పట్టుకోవడం. 2006లో బాండ్, డిపావ్లో అనే ఇద్దరు, దాదాపు 24,000 మంది ఇచ్చిన తీర్పులు కలిపి చూస్తే, మనుషులు నిజం, అబద్ధం తేల్చడంలో కరెక్ట్ అయింది 54 శాతం. బొమ్మా బొరుసూ వేస్తే 50. ఆ నాలుగు శాతం నమ్ముకునే మనం "వాడి కళ్ళు చూస్తేనే తెలిసిపోయింది" అంటున్నాం.

మెషిన్ ఏం చదువుతోంది

మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇదే, ముఖం ఫోటో ఇస్తే భావం చెప్పే మోడల్. చాలా కాలేజీల్లో వాడే డేటాసెట్‌నే వాడాం, పేరు ఫెర్ 2013. 35,887 ఫోటోలు, ఒక్కోటి 48 బై 48 పిక్సెల్స్, బ్లాక్ అండ్ వైట్, ఏడు లేబుల్స్. అదే డేటా మీద మనుషులకే దాదాపు 65 శాతం వచ్చింది. అసలు సంగతి ఆ లేబుల్స్ ఎక్కడివో తెలిస్తే అర్థమవుతుంది. భావాల పేర్లు కొట్టి ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చిన ఫోటోలు అవి. ఆ ఫోటోలో మనిషికి ఆ క్షణంలో నిజంగా ఏం అనిపించిందో ఎవరూ అడగలేదు. చూసేవాడికి "ఇది బాధలా ఉంది" అనిపించింది, అంతే. అంటే మోడల్ నేర్చుకునేది బాధని గుర్తుపట్టడం కాదు, "బాధ" అని జనం పేరుపెట్టిన బొమ్మని గుర్తుపట్టడం. విభావం లేని అనుభావం. భరతముని ముందు వైవాకి కూర్చుంటే మొదటి ప్రశ్నకే దొరికిపోయేవాళ్ళం.

ఇది కాలేజీ ప్రాజెక్టుగా ఉన్నంతవరకు సరదా. పోయినేడాది మా పిన్ని కూతురికి ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూ జరిగింది. పేరు చెప్పను. సెలెక్ట్ కాలేదు, ఫర్వాలేదు, అందరికీ అవుతుంది. కానీ వచ్చిన ఫీడ్‌బ్యాక్‌లో ఆత్మవిశ్వాసం తక్కువ, కళ్ళలోకి చూసి మాట్లాడటం లేదు అని రాశారు. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగింది, "అన్నయ్యా, నేను ఆ సార్ మొహమే చూస్తూ మాట్లాడానురా. ఇంకెక్కడ చూడాలి?"

ల్యాప్‌టాప్‌లో కెమెరా పైన ఉంటుంది, అవతలివాళ్ళ ముఖం కింద స్క్రీన్ మీద ఉంటుంది. నువ్వు మర్యాదగా ఆయన ముఖం చూస్తే, ఆయనకి నువ్వు కిందికి చూస్తున్నట్టు కనిపిస్తావు. కెమెరా చుక్క వైపు చూస్తే ఆయన కళ్ళలోకి చూసినట్టు ఉంటుంది, అప్పుడు నీకు ఆయన ముఖమే కనిపించదు! ఇది మనస్తత్వం కాదు, జామెట్రీ. దానికి తోడు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కొంచెం తల దించుకుని వినడం మా ఇళ్ళలో మర్యాద. రెండూ కలిపి ఒక అమ్మాయికి "కాన్ఫిడెన్స్ లేదు" అని ముద్ర వేశారు. తను ఆరు నెలలు ఆ మాటే మోసింది. అద్దం ముందు నిలబడి తన కళ్ళు తనే చూసుకుంటూ ప్రాక్టీస్ చేసేదని పిన్ని చెప్పింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు కాబట్టే పెద్ద పెద్దవాళ్ళే వెనక్కి తగ్గారు. ముఖం చూసి భావం ఊహించే ఫీచర్‌ని తన ఫేస్ సర్వీస్ నుంచి తీసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2022లో ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ చట్టంలో అయితే ఆఫీసుల్లో, చదువుకునే చోట్ల మనుషుల భావాల్ని ఏఐతో ఊహించడం మీద 2025 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది, వైద్యం, భద్రత లాంటి కారణాలకి తప్ప.

హనుమంతుడు కూడా ముందు రూపం చూసి పొరబడ్డాడు

సుందరకాండలో నాకు చాలా ముద్దొచ్చే ఘట్టం ఇది. రావణుడి అంతఃపురంలో బంగారు రంగులో మెరిసిపోతూ నిద్రపోతున్న మండోదరిని చూసి, ఈవిడే సీతమ్మ అనుకుంటాడు హనుమంతుడు. ఆనందం పట్టలేక భుజాలు చరుచుకుంటాడు, తోక ముద్దు పెట్టుకుంటాడు, స్తంభాలెక్కి దూకుతాడు. వాల్మీకి ఎంత ప్రేమగా రాశాడో! వెంటనే ఆ ఆలోచన పక్కకి నెట్టి మళ్ళీ ఆలోచిస్తాడు. రాముడికి దూరమైన సీతమ్మ నిద్రపోతుందా? తింటుందా? అలంకరించుకుంటుందా? కానే కాదు. ఈవిడ ఇంకెవరో.

మొదటిది రూపాన్ని చూసి అనుకున్నది. రెండోది ఆ పరిస్థితిలో ఉన్న మనిషి ఎలా ఉంటుందని ఆలోచించి తేల్చుకున్నది. తర్వాత అశోకవనంలో చిక్కిపోయి, మాసిన చీరతో, నిట్టూరుస్తున్న ఆవిణ్ణి చూసినప్పుడు గుర్తుపట్టగలిగాడంటే ఈ రెండో పద్ధతి వల్లే.

అక్కడ ఆయన చేసిన ఇంకో పని మనకి బాగా పనికొస్తుంది. చెట్టు మీద కూర్చుని, నేను ఇప్పుడు ఏ భాషలో ఎలా మాట్లాడితే ఆవిడకి ఎలా అనిపిస్తుంది అని ఆలోచిస్తాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే అనుకుని భయపడుతుందేమో అని. భయపడి ఉన్న మనిషి దగ్గరికి మనం ఎలా వెళ్తున్నామన్నది కూడా ఆ మనిషి ముఖం మీద కనిపిస్తుంది. హనుమంతుడు అంత జాగ్రత్తపడినా, దగ్గరికి వస్తున్న కొద్దీ సీతమ్మ అనుమానం పెరుగుతుంది. పట్టుకున్న కొమ్మ వదిలేసి నేల మీద కూర్చుండిపోతుంది. ఆవిడ అనుమానంలో న్యాయం ఉంది. సన్యాసి వేషంలో వచ్చిన రావణుణ్ణి వేషం చూసి గౌరవించి, అతిథి మర్యాద చేసింది కదా ఇంతకుముందు. అక్కడ కూడా వేషానికీ మాటకీ పొత్తు లేదు, ఆ సన్యాసి వచ్చీ రాగానే ఆవిడ అందాన్ని వర్ణించడం మొదలుపెట్టాడు.

మనం ఏం చేయొచ్చు

పద్ధతి అంటే నాకు తెలిసింది చాలా సింపుల్. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో ముందు తెలియాలి. అది తెలియనివాళ్ళ మీద తీర్పు వద్దు. తెలిసినవాళ్ళలో మార్పు వస్తే, ఒక్క గుర్తు చూసి ఆగకుండా గొంతు, తిండి, నిద్ర, నడక, మెసేజ్‌కి రిప్లై ఇచ్చే తీరు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా అని చూడాలి. తర్వాత పొగ, కాటుక గుర్తు తెచ్చుకోవాలి, అంటే ఇంకేదైనా మామూలు కారణం ఉందా అని. ఆ తర్వాత అడగాలి. చివరిది ఎక్కువమంది చేయరు. ఊహించుకుని, ఆ ఊహ మీద ఇంకో ఊహ కట్టుకుని, చివరికి వాడితో మాట్లాడటం మానేస్తారు.

పీజీలో నా రూమ్‌మేట్ ఒకడు, మా ఫ్లోర్ మొత్తానికి వాడే కామెడీ. ఒక వారం వాడి జోకులు ఏం తగ్గలేదు, నవ్వు కూడా తగ్గలేదు. ముఖం చూస్తే ఏ మోడల్ అయినా "హ్యాపీ" అనే ఇస్తుంది. కానీ రోజూ పొద్దున స్నానం చేస్తూ పాడే పాట ఆగింది. ప్లేట్‌లో అన్నం సగం మిగులుతోంది. రాత్రి ఒంటిగంటకి బాల్కనీలో చెప్పుల చప్పుడు. మూడో రోజు "టీకి పోదాం రా" అని కిందికి తీసుకెళ్ళాను. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నడుస్తూ అడిగా, "ఏరా, ఇంట్లో అంతా ఓకేనా?" ఓకే అన్నాడు. రెండు నిమిషాలు నేనేం మాట్లాడలేదు. మెట్రో పిల్లర్ దాటాక చెప్పాడు, వాళ్ళ నాన్నకి ఆపరేషన్, యాప్‌లలో తీసుకున్న అప్పు, రికవరీ వాళ్ళ ఫోన్లు, ఎవరికీ చెప్పలేదని. "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందిరా" అన్న మాట కూడా అన్నాడు, అదే నవ్వు ముఖంతో.

ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు, వాళ్ళ అక్కకి వాడితోనే ఫోన్ చేయించాను. మీ చుట్టుపక్కల ఎవరైనా అలాంటి మాట అంటే, నవ్వుతూ అన్నా సరే, జోక్‌గా తీసుకోకండి. పక్కన ఉండండి. కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ నంబర్ 14416, ఏ టైంలో అయినా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.

పక్కపక్కన నడుస్తూ అడగడం గురించి ఒక మాట. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ "ఏమైంది చెప్పు" అంటే చాలామంది మగపిల్లలు బిగుసుకుపోతారు, అది నేను గమనించింది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, గిన్నెలు కడుగుతున్నప్పుడు, రైల్లో కిటికీ పక్కన మాటలు వస్తాయి. అమ్మలతో అయితే కూరగాయలు తరిగేటప్పుడు. అమ్మ ఫోన్‌లో "బానే ఉన్నా, నువ్వు తిన్నావా" అంటే ఆ మాటల్లో ఏమీ దొరకదు, మాటకీ మాటకీ మధ్య గ్యాప్ వినండి. రోజూ పక్కింటావిడ సంగతులు కూడా చెప్పే అమ్మ రెండు ముక్కల్లో ఫోన్ పెట్టేసిందంటే, మళ్ళీ చేయండి.

విభీషణుడు వచ్చిన రోజు

చివరిగా యుద్ధకాండ, 17, 18 సర్గలు. వీలైతే అనువాదం దగ్గర పెట్టుకుని చదవండి, ఈ సబ్జెక్టు మీద ఇంతకంటే మంచి కేస్ స్టడీ నాకు దొరకలేదు. నలుగురు అనుచరులతో విభీషణుడు వచ్చి ఆకాశంలో నిలబడి శరణు అంటాడు. శత్రువు తమ్ముడు, యుద్ధం ముందు, అర్ధాంతరంగా వచ్చాడు. చంపేద్దాం అంటాడు సుగ్రీవుడు. రాముడు అందరి అభిప్రాయం అడుగుతాడు. పరీక్షించాలి అంటాడు అంగదుడు. గూఢచారిని పెడదాం అంటాడు శరభుడు. ఇది రావాల్సిన చోటూ కాదు, కాలమూ కాదు, అనుమానించాల్సిందే అంటాడు జాంబవంతుడు. మెల్లిగా ప్రశ్నలు అడిగి చూద్దాం అంటాడు మైందుడు.

హనుమంతుడు ఒక్కొక్కరి మాటకీ మర్యాదగా జవాబు చెప్తాడు. ఉన్నట్టుండి ప్రశ్నలు గుప్పిస్తే తెలివైన మనిషికి మన మీదే అనుమానం వస్తుంది, స్నేహంగా వచ్చినవాడి మనసు విరిగిపోతుంది అంటాడు. తర్వాత తను చూసింది చెప్తాడు: మాట్లాడుతున్నప్పుడు ఇతని ముఖం ప్రసన్నంగా ఉంది, మాటలో చెడ్డ ఉద్దేశం కనిపించలేదు, మోసగాడు ఇంత నిబ్బరంగా, శంక లేకుండా రాడు, లోపలి భావాన్ని ఎంత కప్పినా ఆకారం బయటపెట్టేస్తుంది.

ఇక్కడితో ఆగి ఉంటే అది కూడా ఒక షార్ట్ వీడియో టిప్పే. ఆయన ఆగలేదు. వెంటనే విభావంలోకి వెళ్తాడు. రావణుడి దుర్మార్గం చూశాడు, నీ పరాక్రమం చూశాడు, వాలి పోయి సుగ్రీవుడు రాజయ్యాడని విన్నాడు, రాజ్యం మీద ఆశతో వచ్చాడు, కాబట్టి ఈ చోటూ కాలమూ సరైనవే అంటాడు. విభీషణుణ్ణి మచ్చలేని సాధువులా చూపించలేదు, రాజ్యకాంక్ష ఉందని కూడా చెప్పాడు. ఇంకొకటి ఆ ప్రసంగంలో లేదు కానీ మనకి తెలుసు. లంకలో రావణుడు తనని చంపమన్నప్పుడు, దూతని చంపకూడదని అడ్డుపడింది ఈ విభీషణుడే. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో హనుమంతుడు కళ్ళారా చూశాడు. అన్నీ చెప్పి, నాకు తోచినంతలో చెప్పాను, నిర్ణయం నీదే అని రాముడికి వదిలేస్తాడు.

రాముడి నిర్ణయం చూడండి. ముఖం బాగుంది కాబట్టి తీసుకుంటున్నా అనలేదు. స్నేహం కోరి వచ్చినవాడిలో దోషం ఉన్నా సరే నేను వదలను అన్నాడు. సుగ్రీవుడు ఇంకా ఒప్పుకోడు, మళ్ళీ వాదిస్తాడు. శరణన్న ప్రాణికి అభయం ఇవ్వడం నా వ్రతం, వచ్చింది విభీషణుడైనా, ఆఖరికి రావణుడే అయినా తీసుకురా అంటాడు రాముడు. తీసుకురమ్మన్నది ఎవరిని? అందరికంటే ఎక్కువ అనుమానపడ్డ సుగ్రీవుణ్ణే. అప్పుడు సుగ్రీవుడు, ఊహతోనూ భావంతోనూ అన్ని వైపుల నుంచీ పరీక్షించాక నా అంతరాత్మకి కూడా ఇతను శుద్ధుడనే అనిపిస్తోంది, మనతో సమానంగా ఉండనీ, మనకి స్నేహితుడవనీ అంటాడు.

ఈ రెండు సర్గల మీద వచ్చే శనివారం వీడియో పెడుతున్నా. జాంబవంతుడి వాదన కొంచెం డీటెయిల్‌గా చెప్తా, ఆయన అన్నదాంట్లో కూడా తప్పేం లేదు.

జై హనుమాన్.